దిగులమ్మ వేసిన చీటీ

“ఏదీ? ఇందులో పసుపు కాగితం ఒకటి ఉండాలి. ఏదీ?”

లిఫ్టు మెకానిక్ తన పనిసంచిని నట్టింట్లో బోర్లించాడు. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, టెస్టరు, గ్రీజు గుడ్డలు, మూతలు పోయిన మార్కర్లు. ఒక లిఫ్టుని పునాదుల నుంచి కట్టడానికి సరిపడా సామాను నేలంతా పరుచుకుంది. కాలు పెట్టే చోటు లేదు.

ఆయన భార్య వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడింది. చర్చి సంఘంలో అందరూ ఆమెను దిగులమ్మ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్లని తప్పుపట్టినవాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు. ఆకాశంలో మబ్బు కనబడితే గొడుగు గురించి కాదు, పడవ గురించి ఆలోచించే మనిషి. పక్కింటి కుక్క రెండుసార్లు తుమ్మితే, దాని పిల్లల గతేం కానని ఆ పూట ఆమెకు ముద్ద దిగదు.

“ఏ కాగితమండీ?”

“తనిఖీ కార్డు. కార్బను కింది కాపీ. సంచి లోపలి అరలో మడిచి పెట్టాను.”

“మూల మీద గ్రీజు మరక ఉంటుంది, అదా?”

ఆయన చేతులు ఆగిపోయాయి. “అదే. ఎక్కడుంది?”

“దాని వెనకాల ప్రార్థన విన్నపం రాసి, పొద్దున పెట్టెలో వేసొచ్చాను.”

ఇందులో ఆమె కొత్తగా చేసిన నేరమేమీ లేదు. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో జరుగుతున్నదే. ప్రార్థన మందిరం గుమ్మం పక్కన ఒక చెక్క పెట్టె ఉంటుంది. ఎవరి బాధ వాళ్లు పేరు లేకుండా చీటీ మీద రాసి అందులో వేస్తారు. శుక్రవారం సాయంత్రం కూటంలో పెట్టె తెరిచి, ఒక్కో చీటీ పైకి చదివి, అందరూ కలిసి ప్రార్థిస్తారు. దిగులమ్మ వాడకానికి నోటు పుస్తకాలు చాలలేదు. మొగుడి సంచిలో మూలుగుతుండే పాత కార్డుల వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. ఆమె పుణ్యమా అని సంఘం పెట్టెను రెండుసార్లు మార్చింది. రెండోసారి కొలతలు చూసిన వడ్రంగి, “ఇది చీటీలకా, దుప్పట్లకా?” అని అడిగాడట. పేరు లేకపోతేనేం, పసుపు కాగితం బయటికి రాగానే కూటమంతా బెంచీల్లో సర్దుకుని కూర్చుంటుంది, కాస్త సేపు పడుతుందని.

“ఇవాళ శుక్రవారం,” అన్నాడాయన, తనలో తనే. “ఈ నెల చీటీలు చదివే వంతు ఎవరిది?”

“మీ సూపర్‌వైజరుగారిదేగా. గొంతు బాగుంటుందని పాస్టరుగారే అడిగి మరీ పెట్టారు.”

లిఫ్టు మెకానిక్ స్పానర్ల మధ్యన కూలబడ్డాడు.

“పాత కాగితానికి ఇంత గోలెందుకండీ? రేపు మీ కంపెనీ విచారణలో, మీ కింద పనిచేసే మా తమ్ముణ్ని ఏం చేస్తారోనని నేను చస్తుంటే—”

“అది పాత కాగితం కాదు.”

“మరేంటి?”

ఆయన ఒక స్పానరు తీసి గుడ్డతో తుడిచాడు. తుడిచిన దాన్నే మళ్లీ తుడిచాడు.

అప్పుడే వీధి తలుపు తోసుకుని అత్తగారు లోపలికొచ్చింది. ఆవిడ ఆపరేషన్ థియేటర్లో ముప్పై ఏళ్లు చేసి దిగిపోయిన నర్సు. మనుషుల్ని లోపలినుంచి చూసీ చూసీ, పైపై మర్యాదల మీద ఆవిడకి పెద్దగా నమ్మకం మిగల్లేదు. నేల మీద సామాను చూసింది, కొడుకు మొహం చూసింది. చేతిసంచి కుర్చీలో పెట్టింది.

“రెండో కాలూ తీసేశారు,” అంది. “మోకాలి కిందికి. మెలకువ వచ్చింది. రాగానే ఏమడిగిందో తెలుసా? కుట్టుమిషనుకి మోటారు పెట్టుకుంటే కాళ్లు లేకుండా నడుస్తుందా అని.”

ఆ మనిషి ఎవరో ముగ్గురికీ చెప్పక్కర్లేదు. మూడో అంతస్తులో బట్టలు కుట్టుకుని బతికే ఆవిడ. తొమ్మిది రోజుల కిందట ఆవిడ ఎక్కిన లిఫ్టు ఆగాల్సిన చోట ఆగకుండా జారి, అడుగున గుంతలో పడింది.

“నేను పైకెక్కలేదమ్మా,” అన్నాడు లిఫ్టు మెకానిక్.

“ఏ పైకి?”

“ఆ బిల్డింగు మిషన్ రూముకి. ఇనప నిచ్చెన ఉంటుంది. ఆ రోజు అప్పటికే ఏడు లిఫ్టులు చూసొచ్చాను, మోకాళ్లు లాగేస్తున్నాయి. బ్రేకు మూత విప్పి, లోపల సందు ఎంతుందో కొలిచి, ఆ అంకె కార్డులో రాయాలి. నేను ఎక్కలేదు. అంకె గడి ఖాళీగా వదిలేసి కింద సంతకం పెట్టాను. మర్నాడు ఆఫీసులో కూర్చుని పై కాపీలో ఏదో ఒక అంకె వేసిచ్చాను. కింద కాపీలో గడి ఖాళీగానే ఉండిపోయింది.”

దిగులమ్మకు లిఫ్టుల గురించి తెలిసింది రెండే ముక్కలు: ఎక్కితే తెగుతుంది, ఎక్కకపోతే అలిసిపోతాం. కానీ ఈ సంగతి అర్థం కావడానికి ఆమెకు ఆట్టే సేపు పట్టలేదు.

“అంటే... మీరు చూసినప్పుడు బ్రేకు బాగుందని ఆఫీసు కాపీలో ఉంది.”

“ఊఁ.”

“ఆ తర్వాత పైకెళ్లింది తమ్ముడొక్కడే.”

“బల్బు మార్చడానికెళ్లాడు వాడు. బ్రేకు జోలికే పోలేదు.”

“అందుకని పాడుచేసింది వాడేనంటున్నారు. మీరు వేసిన అంకె చూసి.”

ఆయన చేతిలో స్పానరు నేల మీద పెట్టాడు.

“రోజూ వచ్చి మీ పక్కన కూర్చునేవాడు,” అంది ఆమె. గొంతు పెరగలేదు. అది పెరిగి ఉంటే బాగుండేదని అత్తగారికి కూడా అనిపించింది. “బావా, విచారణలో ఏం చెప్పమంటావు అని అడిగేవాడు. మీరు వాడి వీపు నిమిరి, దేవుడున్నాడురా అనేవారు.”

“చెబుదామనే అనుకున్నాను.”

“ఎప్పుడు? వాడు జైలు నుంచి వచ్చాకా?”

“ఉద్యోగం ఒక్కటే పోతే చెప్పేసేవాణ్నే! కేసవుతుంది. నన్ను తీసుకెళ్తారు. నేను లేకుండా ఒక రాత్రయినా ఉండగలవా నువ్వు? గాలికి కిటికీ కొట్టుకుంటేనే నన్ను నాలుగుసార్లు లేపుతావు!”

“ఓహో. నా కోసం దాచారన్నమాట.”

“నేనట్లా అన్లేదు.”

“అట్లాగే అన్నావురా,” అంది అత్తగారు. “సరేగానీ, దాన్ని చింపేయలేదేం?”

“ఏంటి?”

“తొమ్మిది రోజులు సంచిలో పెట్టుకుని తిరిగావు. పొయ్యిలో పడేస్తే క్షణం పని. ఎందుకు పడేయలేదు?”

“తెలీదు.”

“నాకు తెలుసు. చెప్పను. నువ్వే కనుక్కో.”

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. నాలుగూ ముప్పావు. కూటం ఐదున్నరకి. సామానులోంచి ఒక స్క్రూడ్రైవరు ఏరుకుని లేచాడు.

“దేవుడి పెట్టె పగలగొడతావుట్రా?”

“పగలగొట్టనమ్మా. వెనక బందులు విప్పితే చాలు.”

“మంచిది,” అంది అత్తగారు. “ఈసారైనా మూత విప్పి లోపల చూడు.”

*

ప్రార్థన మందిరమంటే టైర్ల కొట్టు మీద ఒక పొడవాటి గది. పది బెంచీలు, గోడకి ఒక చెక్క సిలువ, తిరిగేటప్పుడు ప్రసంగానికి అడ్డుతగిలే రెండు ఫ్యాన్లు. కూటానికి ముందు తలుపులు తీసే ఉంటాయి. లోపల ఎవరూ లేరు.

ఆయన పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని మొదటి స్క్రూ విప్పడం మొదలుపెట్టాడు. దూరం నుంచి చూస్తే ఎవరో మహా భక్తిగా ప్రార్థిస్తున్నట్టే ఉంది.

వెంట వచ్చిన దిగులమ్మ వెనక బెంచీలో కూర్చుంది.

పదకొండేళ్లుగా ఆమె ప్రార్థన ఒకే పద్ధతిలో నడుస్తోంది. ఏమేం జరగొచ్చో ఆమే చెప్పేది, వాటిని ఎట్లా ఆపాలో కూడా ఆమే చెప్పేది. ఆ పైన దేవుడు చేయాల్సింది ఒప్పుకోవడమే. ఇవాళ చెబుదామంటే ఒక్క సలహా కూడా తోచలేదు. మొగుడు బయటపడాలని అడిగితే తమ్ముడు మునుగుతాడు. తమ్ముడు బయటపడాలని అడిగితే మొగుడు మునుగుతాడు. ఇద్దరూ బయటపడాలంటే ఆ బట్టలు కుట్టే ఆవిడ కాళ్లు వాటంతటవే పోయాయనాలి.

“యేసయ్యా,” అంది. ఆ తర్వాత మాట రాలేదు.

అలవాటు కొద్దీ, తర్వాత ఏం భయపడాలా అని వెతికింది. దొరకలేదు. భయపడ్డవి జరిగే ఉన్నాయి. భయపడటానికి కూడా తోచనిది ఒకటి, స్పానర్ల మధ్య కూర్చుని ఆయనే చెప్పాడు. అన్నీ జరిగిపోయాక కూడా తను ఇక్కడ ఉంది. కింద బెంచీ ఉంది. ఆ నిశ్శబ్దంలో, తనకంటే ముందే ఎవరో వచ్చి పక్కన కూర్చుని ఉన్నట్టనిపించింది. తొందరపెట్టకుండా. ఏమీ దాచక్కర్లేనట్టు. ఒళ్లో చేతులవైపు చూసుకుంది. పెళ్లినాటి నుంచి ఏదో ఒక దానికి వణుకుతూనే ఉన్న చేతులు ఊరికే ఉన్నాయి.

అల్లంత దూరాన కాగితం మడత విప్పిన చప్పుడైంది.

ఆయన చీటీ తీశాడు. ఖాళీ గడి వైపు ఒక్కసారి చూసి, వెనక్కి తిప్పాడు. ఆమె రాసింది చదవసాగాడు. ఏం రాసిందో ఆమెకు నోటికొచ్చు.

‘ప్రభువా, మా ఆయన తింటున్నాడు గానీ ఏం తింటున్నాడో ఆయనకి తెలియట్లేదు. ఏదో మోస్తున్నాడు. అది నాతో చెప్పించు. విన్నాక నేనేమైపోతానోనన్న భయం కూడా నువ్వే చూసుకో. నా వల్ల కాదు.’

నాలుగు ముక్కలు. అంత చిన్న చీటీ ఆమె జన్మలో రాయలేదు. ఆయన మాత్రం అది నలభై పేజీలున్నట్టు చదువుతూనే ఉన్నాడు.

“బావా! దేవుడి పెట్టెకి కూడా మెయింటెనెన్సు మొదలెట్టావా?”

గుమ్మంలో తమ్ముడు. ఎప్పుడూ ఈ మెట్లెక్కని మనిషి. గోడలు కూలవు కదా అన్నట్టు పైకీ పక్కలకీ చూసి లోపలికి అడుగుపెట్టాడు. “మీ అత్తగారు చెప్పారక్కా ఇక్కడున్నారని. ఒక్క మాట చెప్పి పోదామని వచ్చాను. రేపు విచారణ లేదు.”

“లేదా?”

“అక్కర్లేకుండా పోయింది. సంతకం పెట్టేశాను. బల్బు మార్చేటప్పుడు పొరపాటున బ్రేకు నట్టు వదులు చేశానని. సూపర్‌వైజరుగారు కాగితం ముందే టైపు చేయించి ఉంచారు, పాపం, నా చెయ్యి నొప్పెట్టకుండా. కాఫీ కూడా ఇప్పించారు.”

“నువ్వు ముట్టుకోనే లేదు కదరా!” అన్నాడు లిఫ్టు మెకానిక్.

తమ్ముడు బావ చేతిలోని పసుపు కాగితం వైపు చూశాడు. నవ్వాడు. ఆ నవ్వులో ఆశ్చర్యం లేదు.

“ముట్టుకోలేదు బావా. చూశాను. బ్రేకు మూత మీద దుమ్ము వేలు మందాన ఉంది. ఎవరూ విప్పలేదని అప్పుడే తెలిసింది. నీతో అందామనుకున్నాను. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను. అంచేత నా తప్పు బొత్తిగా లేదనడానికీ లేదు.”

“తెలిసే సంతకం పెట్టావా?” అంది దిగులమ్మ.

“మరేం చెయ్యను? నన్ను తీసుకెళ్తే నేను తట్టుకుంటాను. బావని తీసుకెళ్తే నువ్వు తట్టుకోలేవక్కా. మబ్బు పడితేనే మూడు రోజులు మంచం దిగవు. ఊరందరికీ తెలిసిందేగా.”

తమాషాగానే అన్నాడు. ఆమెకు మాత్రం కూర్చున్నచోటే చెంప మీద కొట్టినట్టయింది. తన దిగులు తనొక్కదాన్నే తింటోందని ఇన్నాళ్లూ అనుకుంది. మొగుడు దాని చాటున దాక్కున్నాడు. తమ్ముడు దాని కోసం మెడ వంచాడు. ఇద్దరూ ప్రేమతోనే.

అంతకంటే ఘోరం ఇంకొకటి ఆమె కళ్లబడింది. తమ్ముడు ‘సంతకం పెట్టేశాను’ అనగానే ఆయన భుజాలు దిగాయి. తొమ్మిది రోజులుగా చెవుల దాకా ఎగదన్ని ఉన్న భుజాలు. ఒక్క క్షణం. ఆయన తలెత్తేసరికి ఆమె చూస్తోంది. తను చూసిందని ఆయనా చూశాడు.

కింద టైర్ల కొట్టులో ఎవడో గాలి కొడుతున్నాడు.

“నాకు నోరు రాదు,” అన్నాడు ఆయన చివరికి. “ఎలా మొదలుపెట్టాలో తెలీదు. నీ ఒట్టు.”

చీటీని మళ్లీ మడిచాడు. పెట్టెలో వేశాడు.

“సూపర్‌వైజరుగారే చదవనీ.”

“బావా, ఏం చేస్తున్నావ్? నేను సంతకం పెట్టానంటుంటే!”

ఆయన వినలేదు. స్క్రూలు ఒక్కొక్కటే బిగించాడు. నాలుగూ బిగించాక, వదులుగా ఉందేమోనని మళ్లీ మొదటినుంచి ప్రతిదాన్నీ తిప్పి చూశాడు.

*

ఐదున్నరకి బెంచీలు నిండాయి. పాస్టరుగారు ప్రార్థన చేసి కూర్చున్నారు. సూపర్‌వైజరు ఇస్త్రీ చొక్కాలో ముందుకొచ్చి, పెట్టె తాళం తీసి, చీటీలన్నీ ఒళ్లో పోసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకోబోతూ లిఫ్టు మెకానిక్ వైపు చూసి, అంతా సర్దుకుంది అన్నట్టు తల ఊపాడు.

లిఫ్టు మెకానిక్ నేలకేసి చూస్తున్నాడు. పక్కన అత్తగారు చేతులు కట్టుకుని కూర్చుంది. తమ్ముడు చివరి బెంచీ చివర, పారిపోవడానికి వీలుగా.

మొదటి చీటీ ఎవరివో మోకాళ్ల నొప్పులు. రెండోది పెళ్లి కుదరాలని. మూడోది పక్కింటివాళ్ల రేడియో గురించి: వాళ్లకి మంచి మనసివ్వమని, అది ఆలస్యమయ్యేటట్టుంటే ఈలోగా కరెంటు తీసేయమని. కూటం నవ్వు ఆపుకుంటూ ఆమేన్ అంది.

నాలుగోది పసుపు కాగితం. బెంచీలు కిర్రుమన్నాయి. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

“ప్రభువా, మా ఆయన తింటున్నాడు గానీ ఏం తింటున్నాడో ఆయనకి తెలియట్లేదు...” సూపర్‌వైజరు గొంతు నిజంగానే బాగుంటుంది. చివరి మాట దాకా చదివాడు. ఇంతేనా అన్నట్టు, ఇంకా ఉందేమోనని కాగితం తిప్పాడు.

ఆగిపోయాడు.

ఫ్యాను రెండు చుట్లు తిరిగింది. ఆయన కళ్లు కాగితం మీద పైనుంచి కిందికి నడిచాయి. తేదీ. బిల్డింగు. బ్రేకు గడి. సంతకం. కళ్లజోడు పైనుంచి లిఫ్టు మెకానిక్‌ని చూశాడు. చివరి బెంచీలో తమ్ముణ్ని చూశాడు. ఇద్దరి మధ్యా ఏదో తూకం వేసుకుంటున్నట్టు ఒక్క నిమిషం ఆగాడు.

తర్వాత చీటీని నెమ్మదిగా రెండు మడతలు వేసి, తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“ఈ సహోదరి బాధ ప్రభువుకి తెలుసు,” అన్నాడు. “తర్వాతి చీటీ.”

లిఫ్టు మెకానిక్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ మూశాడు. ఆయన మెడ మీద చెమట కారుతోంది. తాను చేయగలిగింది చేశాడు. అది ఆ జేబులోకి పోయింది. ఇక ఎవరూ ఏమీ చేయకపోతే అందరూ ఇంటికెళ్లిపోవచ్చు. రేపు పొద్దున ఆయన సంచి భుజాన వేసుకుని పనికెళ్లిపోవచ్చు.

బెంచీ కిర్రుమంది.

పదకొండేళ్లలో అన్ని చీటీలు రాసిన మనిషి, ఆ గదిలో ఒక్కసారి కూడా పైకి మాట్లాడి ఎరగదు. దిగులమ్మ లేచి నిలబడింది. కాళ్లు ఎక్కడ వణుకుతాయోనని కూటమంతా ఆమె చీర కుచ్చెళ్ల వైపు చూసింది. అవి కదల్లేదు.

సూపర్‌వైజరు చిరునవ్వు నవ్వాడు. “చెప్పమ్మా. ఇంకో విన్నపమా?”

“కాదండీ,” అంది. “ఆ చీటీకి రెండో వైపు ఉంది. అది కూడా చదవండి.”

“అది ఆఫీసు కాగితమమ్మా. ఇక్కడ చదివేది కాదు.”

“అయితే ఇలా ఇవ్వండి. నేను చదువుతాను.”

ఆమె బెంచీల మధ్య నుంచి ముందుకు నడవడం మొదలుపెట్టింది. సూపర్‌వైజరు చెయ్యి జేబు మీదికి వెళ్లింది. పాస్టరుగారు కుర్చీలోంచి సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియక అట్లాగే ఉండిపోయారు. చివరి బెంచీ దగ్గర్నుంచి తమ్ముడి గొంతు, మొదటిసారి నవ్వు లేకుండా, వినబడింది.

“అక్కా, వద్దు. కూర్చో. బావని తీసుకెళ్తారు!”

ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది. తమ్ముణ్ని కాదు, మొగుణ్ని చూసింది. ఆయన కూడా తలెత్తి ఆమెనే చూస్తున్నాడు.

“తెలుసు,” అంది. మళ్లీ ముందుకు నడిచి, సూపర్‌వైజరు ముందు చెయ్యి చాపింది.